ఒకే పాట, రెండు ప్లేట్లు: నలుగురూ కూర్చుని ప్రెస్సింగులు పోల్చి వినడం ఎలా?

రికార్డులు పోగేసేవాళ్లు ఇద్దరు కలిస్తే కాసేపటికి వచ్చే మాట ఒకటే: "మీ దగ్గరున్నది ఏ ప్రెస్సింగు?" అంటే ఆ ప్లేటు ఎప్పుడు, ఎక్కడ అచ్చయినది అని. ఆల్బమ్ ఒకటే, పాటలు అవే, అట్ట కూడా అదే. అయినా ఒక ప్లేటులో గొంతు గదిలోకొచ్చి నిలబడుతుంది, ఇంకోదానిలో పక్కింట్లోంచి వస్తున్నట్టు ఉంటుంది. ఎందుకలా అంటే ఎవరి సిద్ధాంతం వారిది. మొదటి ప్రెస్సింగే మేలని ఒకరు, ఇంగ్లండ్ ప్లేటే మేలని ఇంకొకరు, బరువున్నదే మేలని మరొకరు. నోటితో తేలే గొడవ కాదిది. కలిసి వింటే తేలుతుంది, అదీ కొంచెం పద్ధతిగా వింటేనే. వాల్యూము, వేగం, శుభ్రత సమం చేయకుండా రెండు ప్లేట్లు వినిపించి తీర్పు చెప్పేవాళ్ల మాట నేనైతే పట్టించుకోను.

పిలుపులు

నలుగురైదుగురు చాలు. అంతకు మించితే స్పీకర్ల ఎదురుగా సరైన చోటు ఎవరికీ దొరకదు, కబుర్లు ఎక్కువవుతాయి. ఒక్కొక్కరినీ రెండు రికార్డులు తెమ్మనండి. ఒకటి తమకు బాగా ఇష్టమైనది. రెండోది వచ్చేవాళ్లలో ఇంకొకరి దగ్గర కూడా ఉన్నది. ఫలానా రికార్డు ఎవరెవరి దగ్గర ఉందో ముందే ఫోన్లలో మాట్లాడుకోండి. మన ఇళ్లలో జంట ప్లేట్లు దొరకడం కష్టం కాదు. ఘంటసాల భగవద్గీత, ఎమ్మెస్ వేంకటేశ సుప్రభాతం లాంటివి ఒకే వీధిలో రెండు మూడిళ్లలో ఉంటాయి, అవన్నీ ఒకే ఏడాది అచ్చయినవి కావు. పైగా అవి అందరికీ కంఠతా వచ్చినవి. ఎక్కడ ఏ మాట ఎలా పలకాలో చెవికి ముందే తెలుసు కాబట్టి తేడా చప్పున దొరుకుతుంది.

మొదటి గంట ఇష్టమైన రికార్డులకే వదిలేయండి. తెచ్చినవాళ్లు ఆ రికార్డు తమ దగ్గరికి ఎలా వచ్చిందో రెండు ముక్కలు చెప్పి, ఒక వైపు వినిపిస్తారు. ఆ గంటలో ప్రెస్సింగు మాట ఎవరు ఎత్తినా ఊరుకోకండి. అభిమానంగా తెచ్చిన ప్లేటుని "ఇది లేట్ ప్రెస్ అండీ" అని తీసిపారేస్తే ఆ మనిషి రెండోసారి మీ గుమ్మం తొక్కడు.

ముల్లు దించే పని ఒక్కరే చేయాలని మొదటే చెప్పండి. తలా ఒక చెయ్యి వేస్తే గీతలు పడతాయి.

ప్లేటు ఎక్కడిదో గుర్తుపట్టడం

అట్ట మీద ఉన్న ఏడాదిని నమ్మొద్దు. అది చాలాసార్లు పాట మొదట విడుదలైన ఏడాది, మీ చేతిలోని ప్లేటు ఎప్పుడు తయారైందో అది చెప్పదు. లేబుల్ చూడండి, దాని రంగు, కంపెనీ పేరు, కింద ఉన్న ఊరు చూడండి. మన కుక్కబొమ్మ (హెచ్‌ఎమ్‌వీ) రికార్డుల్లో చాలా మటుకు కలకత్తా దగ్గరి డమ్‌డమ్ ఫ్యాక్టరీలో ప్రెస్ అయినవి. నంబరు ముందున్న అక్షరాలు కూడా పనికొస్తాయి. హెచ్‌ఎమ్‌వీ ఎల్‌పీల (33⅓ వేగంతో తిరిగే పెద్ద ప్లేట్ల) మీద ఈఏఎల్‌పీ, ఈసీఎల్‌పీ అని ఉంటే మోనో, అంటే రెండు స్పీకర్లలోనూ ఒకటే శబ్దం. ఈఏఎస్‌డీ, ఈసీఎస్‌డీ అని ఉంటే స్టీరియో, అంటే ఒక్కో స్పీకరుకు వేరే శబ్దం.

ఇక్కడొక మెలిక ఉంది. స్టీరియో అని రాసినంతమాత్రాన నిజమైన స్టీరియో అనుకోవద్దు. పాత మోనో టేపులనే తర్వాత విడదీసి, కింది స్థాయి శబ్దాలు ఒక స్పీకరుకు, పై స్థాయివి ఇంకోదానికి ఎక్కువగా పంపి, కాస్త ఆలస్యం కలిపి స్టీరియో పేరుతో అమ్మిన ఎల్‌పీలు మన దగ్గర కోకొల్లలు. అట్ట వెనక చిన్న అక్షరాల్లో 'ఎలక్ట్రానికల్లీ రీచానల్డ్' లాంటి మాట కనిపిస్తే ఇదే బాపతు. గొంతు ఎక్కడ ఉందో తెలియకుండా గాలిలో తేలుతుంటుంది. యాభైల, అరవైల నాటి పాటలకు మోనో ప్లేటు దొరికితే కళ్లకద్దుకుని తీసుకోండి.

అసలు జాతకం ఉండేది లేబుల్‌కీ చివరి పాటకీ మధ్యనున్న నున్నటి జాగాలో. ప్లేటుని కిటికీ వెలుతురుకు ఏటవాలుగా పట్టుకుంటే అక్కడ గీకిన, గుద్దిన అంకెలు, అక్షరాలు కనిపిస్తాయి. ఫోన్ టార్చి పక్కనుంచి వేసి ఫొటో తీసుకుంటే ఇంకా తేలిక. అవి ఎందుకు ముఖ్యమో తెలియాలంటే ప్లేటు తయారయ్యే తీరు కొంచెం తెలియాలి. టేపు మీది పాటను మొదట లాకర్ అనే మెత్తటి పూత పూసిన పళ్లెం మీద గాడిగా కోస్తారు. దాన్నుంచి లోహపు అచ్చు తీస్తారు, అచ్చు నుంచి 'మదర్', మదర్ నుంచి 'స్టాంపరు'. ఆ స్టాంపరే ప్రెస్సులో వేడి ప్లాస్టిక్ మీద పడి రికార్డు చేస్తుంది. ఒక్కో స్టాంపరు కొన్ని వందల ప్లేట్లు తీసేసరికి అరుగుతుంది. కాబట్టి ఒకే కోత నుంచి, ఒకే ఏడాదిలో వచ్చిన రెండు ప్లేట్లు కూడా తేడాగా పలకొచ్చు.

ఇంగ్లండ్‌లో హేస్ ఊళ్లోని ఈఎమ్‌ఐ రికార్డు కంపెనీ ఫ్యాక్టరీ వాళ్లు ఈ లెక్కను ఒక గమ్మత్తైన సంకేతంలో దాచారు. జి, ఆర్, ఏ, ఎమ్, ఓ, పి, హెచ్, ఎల్, టి, డి అనే పది అక్షరాలు తీసుకుని వాటిని వరసగా 1 నుంచి 9, చివరి డిని సున్నా అనుకోండి. గ్రామఫోన్ లిమిటెడ్ అనే పేరులోంచి ఏరిన అక్షరాలవి. నున్నటి జాగాలోని మ్యాట్రిక్స్ నంబరును (కోతను గుర్తుపట్టే నంబరును) కింద పెట్టి చూస్తే ఎడమవైపు మదర్ అంకె, కుడివైపు స్టాంపరు అక్షరాలు ఉంటాయి. 'జి' ఒక్కటే ఉంటే మొదటి స్టాంపరు, 'ఆర్‌ఎమ్' అంటే ఇరవై నాలుగోది. అరవైల బ్రిటిష్ ప్లేట్లు మీ మిత్రులెవరి దగ్గరైనా ఉంటే ఈ లెక్కతో అరగంట ఇట్టే గడిచిపోతుంది. డమ్‌డమ్ ప్లేట్లకు మాత్రం దీన్ని కళ్లు మూసుకుని వర్తింపజేయకండి.

కోత మారితే ఎంత తేడా వస్తుందనడానికి అందరూ చెప్పే ఉదాహరణ 1969లో వచ్చిన బ్రిటిష్ రాక్ బృందం లెడ్ జెపెలిన్ రెండో ఆల్బమ్. బాబ్ లుడ్‌విగ్ అనే ఇంజనీరు కోసిన మొదటి అమెరికన్ ప్లేట్లలో శబ్దం ఎంత గట్టిగా ఉందంటే, చవక ప్లేయర్లలో ముల్లు గాడి దాటి గెంతేది. కంపెనీ వాటిని ఆపి, శబ్దం తగ్గించి మళ్లీ కోయించింది. లేబుల్, అట్ట చూస్తే రెంటికీ తేడా దొరకదు. నున్నటి జాగాలో ఆర్‌ఎల్ అనే రెండక్షరాలు (లుడ్‌విగ్ పొడి అక్షరాలు) వెతుక్కోవాల్సిందే, ధరలో తేడా కూడా ఆ రెండక్షరాలదే.

శుభ్రం

రెండు ప్లేట్లనూ ఒకే పద్ధతిలో, ఒకే రోజున కడగండి. ఒకటి కడిగి ఒకటి కడగకుండా పోల్చితే గెలిచేది కడిగినదే. బ్యాటరీ దుకాణంలో దొరికే డిస్టిల్డ్ వాటర్ ఒక సీసా, మెత్తటి బ్రష్, నూగు రాలని మైక్రోఫైబర్ గుడ్డ ఉంటే చాలు. లేబుల్ తడవకుండా గాడి వెంట గుండ్రంగా తిప్పుతూ తుడవాలి, అడ్డంగా రుద్దకూడదు. కోస్తా ఊళ్ల నుంచి వచ్చిన ప్లేట్ల మీద తెల్లటి మచ్చల్లా బూజు ఉంటుంది. దానికి రెండు మూడు సార్లు కడగాల్సి రావచ్చు. గిన్నెల స్టాండులో నిలబెట్టి, ఫ్యాన్ ఆపి ఆరనివ్వండి.

78 ఆర్‌పీఎమ్ ప్లేట్లకు, అంటే నిమిషానికి 78 చుట్లు తిరిగే పాతవాటికి, స్పిరిట్ తగలనివ్వకండి. అవి లక్కతో చేసినవి, ఆల్కహాల్ తగిలితే లక్క కరుగుతుంది. వినైల్ (ఎల్‌పీల ప్లాస్టిక్) కోసం అమ్మే క్లీనర్లలో కొన్నింటిలో ఆల్కహాల్ ఉంటుంది కాబట్టి సీసా మీద చదవకుండా వాడొద్దు.

మిషన్ సర్దడం

పోలిక మొత్తం ఒకే టర్న్‌టేబుల్ మీద జరగాలి. ఎవరి మిషన్ వాళ్లు తెచ్చి పక్కపక్కన పెడితే మీరు వినేది ముల్లుల తేడానే. ముల్లు ఒత్తిడి కంపెనీ చెప్పినంతే ఉంచండి. మన దగ్గర ఎక్కువమంది వాడే కార్ట్రిడ్జిల్లో (ముల్లు అమర్చి ఉండే ముక్కల్లో) ఆడియో-టెక్నికా వీఎమ్95ఈకి 2 గ్రాములు, ఆర్టోఫాన్ 2ఎమ్ రెడ్‌కి 1.8 గ్రాములు. తక్కువ ఒత్తిడి పెడితే ప్లేటు అరగదనుకుంటారు కొందరు. నిజానికి తేలిపోయే ముల్లు గాడి గోడలకు కొట్టుకుని ఇంకా ఎక్కువ పాడుచేస్తుంది. 78 ప్లేట్లు వినాలంటే ముల్లే మారాలి. స్టీరియో గుండ్రటి ముల్లు మొన 18 మైక్రాన్ల దగ్గర ఉంటే, 78 గాడికి 75 మైక్రాన్ల దగ్గరిది కావాలి. మామూలు ముల్లు అందులో గాడి అడుగున దేకుతూ చెత్తంతా వినిపిస్తుంది.

తర్వాత వేగం. కాగితం మీద ముద్రించిన స్ట్రోబ్ డిస్క్ చవకగా దొరుకుతుంది. మన కరెంటు 50 హెర్ట్జ్ కాబట్టి 33⅓ వేగానికి 180 గీతలున్న వలయం చూడాలి. టర్న్‌టేబుల్ తిరుగుతుంటే ఆ గీతలు కదలకుండా నిలబడినట్టు కనిపిస్తే వేగం సరిగ్గా ఉన్నట్టు. ఎల్‌ఈడీ బల్బు కింద ఇది కనిపించకపోవచ్చు, వాటిలో చాలావాటికి ఆ మినుకుమినుకు ఉండదు. పాత చోక్ ట్యూబ్‌లైట్ కిందికి తీసుకెళ్లండి. 216 గీతలున్న డిస్క్ కొనకండి, అది అమెరికా కరెంటుకు.

అమెరికా అంటే గుర్తొచ్చింది. అక్కడి నుంచి పిల్లలు పంపిన, లేదా తిరిగొస్తూ తెచ్చుకున్న పాత టర్న్‌టేబుళ్లు మన ఊళ్లలో ఈమధ్య బాగా కనిపిస్తున్నాయి. వాటిలో ఏసీ సింక్రనస్ మోటారు, అంటే కరెంటు హెర్ట్జ్‌ని బట్టే తిరిగేది, ఉంటే జాగ్రత్త. అది 60 హెర్ట్జ్‌కి లెక్కగట్టినది, ఇక్కడ 33⅓ బదులు 28 కంటే తక్కువ వేగంతో తిరుగుతుంది. పాట హార్మోనియం మీద మూడు మెట్లు కిందికి దిగిపోతుంది. "ట్రాన్స్‌ఫార్మర్ పెట్టాం కదా" అంటారు. ట్రాన్స్‌ఫార్మర్ వోల్టేజీని తగ్గిస్తుంది తప్ప హెర్ట్జ్‌ని మార్చదు. ఆ మోడల్‌కి 50 హెర్ట్జ్ పుల్లీ దొరుకుతుందేమో చూడండి. డీసీ మోటారు, క్వార్ట్జ్ డైరెక్ట్ డ్రైవ్ మిషన్లకు ఈ బాధ లేదు.

వేగం తప్పు మిషన్‌లోనే కాదు, ప్లేటులోనే ఉండొచ్చు కూడా. అమెరికన్ జాజ్ కళాకారుడు మైల్స్ డేవిస్ 1959 ఆల్బమ్ 'కైండ్ ఆఫ్ బ్లూ' మొదటి వైపు పాటలు రికార్డు చేసిన టేపు మిషన్ కొంచెం నెమ్మదిగా తిరగడంతో, దశాబ్దాల పాటు వచ్చిన ప్లేట్లన్నిటిలో ఆ వైపు శ్రుతి కాస్త పెరిగి పలికింది. 1992లో గాని సరిదిద్దలేదు. దాని పాత ప్లేటు, కొత్త ప్లేటు పోలుస్తుంటే ఈ సంగతి గుర్తుంచుకోండి, లేకపోతే హుషారుగా ఉన్న పాతదే మేలనిపిస్తుంది.

వాల్యూము సమం

అన్నిటికంటే ముఖ్యమైన మెట్టు ఇది, అందరూ దాటేసేదీ ఇదే. ఒక్క డెసిబెల్ గట్టిగా ఉన్నా చెవి దాన్ని 'ఇంకా బాగుంది' అనుకుంటుంది, 'గట్టిగా ఉంది' అనుకోదు. ఫోన్‌లో శబ్దం కొలిచే యాప్ వేసి, వినే కుర్చీలో పెట్టండి. రెండు ప్లేట్లలోనూ ఒకే ముక్క, ఒకే చరణం వినిపించి సగటు చూడండి. అంకెలు కలిసేదాకా నాబ్ తిప్పి, ఏ ప్లేటుకు ఎక్కడ పెట్టాలో ప్లాస్టర్ ముక్క మీద గుర్తు పెట్టుకోండి. యాప్ చూపే అంకె కచ్చితం కాకపోయినా పర్వాలేదు, మనకు కావలసింది రెంటికీ మధ్య తేడా మాత్రమే.

లేబుల్ చూడకుండా వినడం

వినేవాళ్లు మిషన్‌కు వీపు చూపించి కూర్చోవాలి. ప్లేట్లు మార్చే మనిషి నోరు మెదపకూడదు, "ఒకటి", "రెండు" అనడం తప్ప. చెవికి జ్ఞాపకం తక్కువ కాబట్టి ముప్పై నలభై సెకన్ల ముక్కలే వినిపించండి, ప్లేటు మార్చడం చకచకా అయిపోవాలి. ఒకటి, రెండు, మళ్లీ ఒకటి అని తిప్పండి. మధ్యలో ఒకసారి చెప్పకుండా అదే ప్లేటు రెండుసార్లు పెట్టండి. అప్పుడు కూడా పెద్ద తేడా చెప్పినవాళ్లుంటే నవ్వుకుని ముందుకు వెళ్లండి. అభిప్రాయాలు ముందు కాగితం మీద, ఆ తర్వాతే నోటితో. లేదంటే గదిలో పెద్దాయన ఏమంటే మిగతావాళ్లకూ అదే వినిపిస్తుంది.

ఇంత తతంగం అవసరమా అంటే, 2022లో జరిగినది గుర్తుచేసుకోండి. మొబైల్ ఫిడెలిటీ అనే అమెరికన్ కంపెనీ ఖరీదైన రీఇష్యూలను డిజిటల్ ముట్టని రికార్డులని నమ్మి ఎందరో ఆకాశానికెత్తారు. వాటిలో చాలావాటి తయారీలో డిజిటల్ మెట్టు ఉందని ఆ ఏడాది బయటపడింది. అప్పటిదాకా వాటిని పొగిడిన చెవులు చెడ్డవి కావు, ఆ ప్లేట్లూ చెడ్డవి కావు. పేరు ముందే తెలిస్తే చెవి దానికి తగ్గట్టు వింటుంది, అంతే.

ఏం వినాలి

"బాగుంది", "వెచ్చగా ఉంది" అని రాసుకుంటే రేపు మీకే అర్థం కాదు. ఒక్కో రౌండులో ఒక్క విషయం పట్టుకోండి. గొంతులో స, శ పలికినప్పుడు చెవిని గీరుతోందా? తబలా బాయాం, మృదంగం ఎడమవైపు మోత గుండ్రంగా ఉందా, మొద్దుగా ఉందా? కోరస్ వెనకాల వీణ వినిపిస్తోందా, మునిగిపోయిందా?

ప్రతి వైపు చివరి పాటను తప్పక పోల్చండి. ఎల్‌పీ అంచున గాడి సెకనుకు 50 సెంటీమీటర్ల దాకా ముల్లు కింద నుంచి జారితే, లేబుల్ దగ్గర 21 సెంటీమీటర్లే. అదే శబ్దాన్ని సగం కంటే తక్కువ జాగాలో ఇరికించాలి కాబట్టి అక్కడ గొంతు పగులుతుంది. మంచి కోతకు, మామూలు కోతకు తేడా బయటపడేది అక్కడే. ఒక వైపు 25 నిమిషాలు దాటేలా పాటలు కుక్కిన సంకలనాల్లో గాడులు ఇరుకై మొత్తం శబ్దమే తగ్గుతుంది.

అందుకే సినిమా పాటలకు నా ఓటు ఈపీకే. ఏడంగుళాల 45 ప్లేటులో వైపుకు రెండే పాటలు. అదే పాట తర్వాత వచ్చిన 'హిట్స్' ఎల్‌పీలో చాలాసార్లు పలచబడి ఉంటుంది. చిక్కల్లా మనకు దొరికే ఈపీలు పెళ్లిళ్ల మైక్‌సెట్ల వాళ్ల దగ్గర అరిగినవి కావడమే. లేబుల్ మీద సౌండ్స్ పేరు స్టాంపు, రంగుతో వేసిన నంబరు ఉంటే దాన్ని బరువైన ముల్లు ఎన్ని వందలసార్లు దున్నిందో ఊహించుకోవచ్చు. ఇంకా పాతవైతే 78 కూడా వెతకండి. పదంగుళాల 78లో వైపుకు మూడు నిమిషాల చిల్లర మాత్రమే పడుతుంది. పొడుగు పాటలను రెండు వైపులకు విరిచేవాళ్లు, లేదా చరణం తగ్గించేవాళ్లు. ఎల్‌పీలో కలిసి వచ్చినప్పుడు ఆ అతుకు ఎక్కడుందో వినడం ఒక సరదా.

ప్లేటు అరిగిందా, ప్రెస్సింగే తప్పా అన్నది వేరుచేయడం నేర్చుకోండి. 'టిక్' మని ఒక చప్పుడు వస్తే వాచీ చూడండి. 1.8 సెకన్లకొకసారి వస్తుంటే అది గీత, 33⅓ ప్లేటు ఒక చుట్టు తిరిగే సమయం అంతే. ఆ చప్పుడును ప్రెస్సింగు ఖాతాలో వేయొద్దు. సన్నాయి, వయొలిన్ దీర్ఘంగా పట్టిన స్వరం అదే లయలో పైకీ కిందికీ ఊగుతుంటే బెజ్జం మధ్యలో పడలేదు, టోన్‌ఆర్మ్ (ముల్లును మోసే చెయ్యి) అటూ ఇటూ జరగడం కంటికే కనిపిస్తుంది. అది ఫ్యాక్టరీ తప్పే. గట్టిగా పాడిన చోట మాత్రమే గొంతు చీలితే అరుగుదల. ఇక బరువు సంగతి: 180 గ్రాముల ప్లేటు చేతికి బాగుంటుంది. చెవికి మాత్రం ముందు కోత, తర్వాత ప్లాస్టిక్ నాణ్యత, ఆ తర్వాతే బరువు.

రాసుకోవడం, ఇచ్చిపుచ్చుకోవడం

ఒక నోట్‌బుక్ పెట్టండి. రికార్డు పేరు, నంబరు, నున్నటి జాగాలోని అక్షరాలు ఉన్నవి ఉన్నట్టుగా, ముల్లు మోడల్, ఎవరికి ఏది నచ్చింది. ఓట్లు చీలితే చీలాయనే రాయండి, బలవంతంగా ఒక విజేతను తేల్చనక్కర్లేదు.

దూరాన ఉన్న మిత్రుల కోసం ఆ ముప్పై సెకన్ల ముక్కలు కంప్యూటర్‌లోకి ఎక్కించుకోవచ్చు. పాట మొత్తం నెట్‌లో పెట్టడం వేరే సంగతి. మన కాపీరైట్ చట్టంలో రికార్డింగు మీద హక్కు విడుదలైన మరుసటి ఏడాది మొదలు 60 ఏళ్లు ఉంటుంది, సాహిత్యం, సంగీతం మీద హక్కులు వేరుగా ఇంకా నడుస్తుంటాయి.

ప్లేటు అరువిచ్చేటప్పుడు ఇద్దరూ కలిసి వెలుతురులో చూసి, ఉన్న గీతలు ఫొటో తీసుకోండి. మొహమాటపడితే తర్వాత స్నేహం చెడుతుంది. కొరియర్‌లో పంపాల్సి వస్తే ప్లేటును అట్టలోంచి తీసి, లోపలి కవరుతో సహా అట్ట వెనక విడిగా పెట్టండి. లోపలే ఉంటే దారిలో కుదుపులకు అంచు అట్టను చీల్చుకుని బయటికొస్తుంది. రెండు వైపులా గట్టి కార్డ్‌బోర్డు పెట్టి, ప్లేటు కంటే వేలెడు పెద్ద డబ్బాలో కదలకుండా సర్దండి. ఏప్రిల్, మే నెలల్లో మాత్రం పంపకండి. మధ్యాహ్నం ఎండలో నిలిపిన డెలివరీ వ్యాన్‌లో వినైల్ వంగడానికి ఎక్కువసేపు పట్టదు, వంగిన ప్లేటును గాజుపలకల మధ్య పెట్టి సరిచేసే చిట్కాలు సగంసార్లు గాడినే పాడుచేస్తాయి. జూన్‌లో వానలు పడ్డాక పంపితే చాలు, పైన మాత్రం పాలిథీన్ చుట్టండి.